పికప్ తీసిన గిటార్లకు వేసిన అతుకుల గురించి మా వివరణ

అమలాపురంలోని మా మరమ్మతు దుకాణంలో గిటారు అప్పగించిన ప్రతి ఒక్కరికీ ఈ విషయం నేనే చెప్పవలసి ఉంది. గత శ్రావణ, భాద్రపద మాసాల్లో తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే లోపలి పికప్ తీయించుకొని, పక్కచెక్కలోని రంధ్రం మూయించుకున్న గిటార్లలో మూడు, మొన్నటి వేసవిలో అతుకు విచ్చి తిరిగి వచ్చాయి. తప్పు నాదే. ఆ మూడింటినీ డబ్బు తీసుకోకుండా మళ్ళీ చేస్తున్నాను. అందువల్ల ఇప్పుడు వరుసలో ఉన్న గిటార్లు నేను చెప్పిన గడువుకు అందవు.

పికప్ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ పెట్టెను బిగించడానికి ఇలాంటి గిటార్ల పక్కచెక్కను తయారీలోనే దీర్ఘచతురస్రంగా కోస్తారు. పెట్టె తీసేస్తే ఆ రంధ్రం మిగులుతుంది. దాని వంపుకు సరిపోయేలా రోజ్‌వుడ్ ముక్కను వేడి గొట్టం మీద వంచి, లోపలి నుంచి సన్నని పట్టీలు ఆనించి అతికించాను. ఆ రోజు గోటితో గీసి చూసినా సందు తగలలేదు. తిరిగి వచ్చిన మొదటి గిటారును దీపం కింద తిప్పి చూస్తే, ముక్క రెండు కొసలూ బిగువుగానే ఉన్నాయి. పొడవాటి అంచులు రెండూ మాత్రం వెంట్రుకవాసి విడిపోయి, గోరు అక్కడ ఆగింది.

కారణం కూడా ఆ అంచులే చెప్పాయి. చెక్క తేమ పీల్చినా, వదిలినా నార పొడవునా దాదాపు కదలదు. నారకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుపోతుంది. నేను వాడిన పలక కాలువగట్టు పక్కనున్న మా షెడ్డులో వానాకాలమంతా తేమ పీల్చినది. పైగా ఆ మూడింటిలో రెండు గిటార్ల పక్కచెక్క ఒకే పలక కాదు, పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికించి చేసినది కనుక అది పెద్దగా కదలలేదు, నా ముక్క కదిలింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన నేను, శ్రావణంలో కుదిరిన కొలత వేసవికీ నిలుస్తుందని అనుకోకూడదు.

ఇప్పుడు గిటారునూ, అతకవలసిన ముక్కనూ గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే మూసిన గదిలో కలిపి ఉంచుతున్నాను. ముక్కను రెండు రోజులకొకసారి బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టి, బరువు తగ్గడం పూర్తిగా ఆగిన తరువాతే కోస్తున్నాను. పొరల పక్కచెక్కకు మధ్య పొర అడ్డంగా ఉండే మూడు పొరల ముక్కనే వేస్తాను. పది రోజుల పని ఆరు వారాలు పడుతుంది.

అతుకు గీత ఏటవాలు వెలుగులో కనిపిస్తుందని కూడా ముందే చెబుతున్నాను. ఫ్యాక్టరీలో వేసిన పాలియురెథేన్ పూత మీద లక్క పాలిష్ కరిగి కలిసిపోదు; రంగు కలపగలను గాని గీతను మాయం చేయలేను.

ఇంట్లోనే పికప్ లాగేసి, తీగలు జరజరమంటున్నాయని వచ్చేవారు ఎక్కువయ్యారు. తీగలు ఆనే సన్నని కమ్మీని సాడిల్ అంటారు. దాని కింద ఉండే పికప్ పట్టీ మందం 1 మిల్లీమీటరు అనుకుంటే, అది తీయగానే సాడిల్ అంత దిగుతుంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలైన ఫ్రెట్లలో 12వది తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ తీగ అర మిల్లీమీటరు కిందికి వచ్చి, ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. దయచేసి సాడిల్ కింద అట్టముక్కలు మడిచి పెట్టకండి. గాడి అడుగుకు పూర్తిగా ఆనేలా ఎముకతో కొత్త సాడిల్ చెక్కించుకోవాలి. పికప్ తీశాక స్వరం మెరుగుపడిందని చాలామంది చెప్పే మాటలో ఎక్కువ పాలు ఈ సాడిల్‌దేనని నా నమ్మకం. రంధ్రం మూసినందువల్ల వచ్చే తేడా స్వల్పం. ఈ మాట నిరుడే చెప్పి ఉంటే కొందరు అతుకు జోలికి వెళ్ళేవారే కాదు.

శబ్దం రావడం లేదన్న ఒక్క కారణంతో పికప్ తీయించవద్దు. చర్చిలో వాయించే గిటార్లు చాలావరకు 9 వోల్టుల బ్యాటరీ మార్చి, కేబుల్ గుచ్చే జాక్ తుడిస్తేనే పలికాయి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ప్రీయాంప్ పనిచేస్తూనే ఉంటుంది. ఆరాధన అయ్యాక కేబుల్ తీయకపోతే మరుసటి ఆదివారానికి బ్యాటరీ అయిపోవచ్చు.

వరుసలో ఉన్నవారు వేచి ఉండవచ్చు, లేదా బయానా మొత్తం వెనక్కు తీసుకొని గిటారును తీసుకువెళ్ళవచ్చు. అతుకు వద్దనుకునేవారికి రంధ్రం మీద నల్లని మూతపలక బిగించి రెండు రోజుల్లో ఇస్తాను. తీసిన పికప్, ప్రీయాంప్ ప్రతి గిటారుతోపాటు సంచిలో కట్టి ఉంచాను. వాటిని అడిగి తీసుకోండి.