ఒబో రీడు ఎంపికలో తొందరపాటు తగదు

సంపాదక మహాశయులకు నమస్కారం. అమెరికాలో మా అమ్మాయి బడి బ్యాండులో ఒబో అనే ఊదే వాద్యం నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు మేము చేసిన పొరపాటు మరే తల్లిదండ్రులూ చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను. గట్టి రీడుతో, అంటే వాద్యం కొసన పెదవుల మధ్య ఉంచి ఊదే రెల్లు రేకులతో, నాదం నిండుగా వస్తుందని ఎవరో చెప్పగా అదే కొన్నాము. పాప బుగ్గలు ఎర్రబడేదాకా ఊదినా స్వరం పలకలేదు, నెల తిరక్కుండానే వాద్యం మీద విసుగు పుట్టింది.

మన సన్నాయికి లాగే ఒబోకూ జంట రీడే ప్రాణం. అరుండో డోనాక్స్ అనే రెల్లు జాతి మొక్క కాడను రెండు పలుచని రేకులుగా చెక్కి, చిన్న లోహపు గొట్టానికి దారంతో బిగిస్తారు. కొత్తగా నేర్చుకునేవారికి మీడియం సాఫ్ట్ (కాస్త మెత్తని) రకం, అందులోనూ చేత్తో చెక్కి సరిచేసినది మేలు. కొన్నాక రెండు మూడు నిమిషాలు నీటిలో నానబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, కొస రెండువైపులా సమంగా పలుచబడిందో లేదో, అంచున చీలిక ఉందో లేదో తెలిసిపోతుంది. తర్వాత రీడును మాత్రమే పెదవుల మధ్య ఉంచి ఊదినప్పుడు, కాకి కూతను తలపించే ధ్వని ప్రయాస లేకుండా రావాలి. ఒక్కటే కాక, రెండు మూడు కొని మార్చి మార్చి వాడించాలి.

రీడు మార్చాక మా పాప మొదటిసారి ఒక స్వరాన్ని నిలకడగా పలికించింది.

– ఒక తండ్రి, న్యూజెర్సీ