ట్రై బైక్ ఆర్డర్ల గురించి: ఇకపై బరువు మీద మాట ఇవ్వను

"అన్నా, ఎనిమిది కిలోల లోపు వస్తుందా?" షాపుకి వచ్చినా, వాట్సాప్‌లో అయినా ట్రై బైక్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ పోటీకి వాడే సైకిల్) కావాలన్నవాళ్ల మొదటి ప్రశ్న ఇదే. గోవా 70.3 ట్రయథ్లాన్‌కి పేరు ఇచ్చేవాళ్లు పెరిగిన కొద్దీ ఈ ప్రశ్నా పెరుగుతోంది, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గుతోంది, అందుకని అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. ఇకపై బరువు అంకె ముందే చెప్పి ఆర్డరు తీసుకోను. బండి పూర్తయ్యాక మీ ఎదురుగానే కాటాకి తగిలించి, పెడల్సు, బాటిల్ హోల్డర్లు, ఎల్బో ప్యాడ్లతో సహా ఎంత తూగిందో బిల్లు మీద రాసిస్తాను. కేటలాగులో కనిపించే అంకెలు చాలావరకు పెడల్సు లేకుండా, బాటిల్ లేకుండా వేసినవి. అలా ఎవరూ రేసు తొక్కరు కదా.

రోడ్ రేసు బండి 6.8 కిలోలకు తగ్గకూడదని యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమం ఉంది, గోవాలాంటి డ్రాఫ్టింగ్ (ముందువాడి చాటున గాలి తగలకుండా తొక్కడం) కుదరని ట్రయథ్లాన్‌కి అది వర్తించదు. దాంతో "మనకు అడ్డు లేదు కదా, ఇంకా తగ్గిద్దాం" అని కొందరి లెక్క. కానీ ట్రై బైక్ ఫ్రేమ్ ట్యూబులు గాలిని కోయడానికి వెడల్పుగా ఉంటాయి, ముందు బేస్ బార్ (అడ్డంగా ఉండే హ్యాండిల్), దాని మీద ఎక్స్‌టెన్షన్లు (ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు), వాటికి బ్రాకెట్లు, ప్యాడ్లు. మంచి కార్బన్ బండి కూడా ఎనిమిదిన్నర, తొమ్మిది కిలోల దగ్గర ఆగడం మామూలే. దాన్ని ఏడున్నరకి దించాలంటే దించొచ్చు, మీ జేబు ఖాళీ అవుతుంది, ఎక్కడో ఒకచోట బలం కూడా తగ్గుతుంది.

ఇంత చేస్తే వచ్చేదెంత? ఒక కిలో తగ్గిందనుకోండి. 300 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఆ కిలోకి అయ్యే పని దాదాపు 2,940 జౌల్స్, 200 వాట్లతో తొక్కేవాడికి అది 15 సెకన్లు. చదును రోడ్డు మీద ఆ మాత్రం కూడా మిగలదు. గంటకు 32, 33 కిలోమీటర్లు దాటాక మీరు పోరాడేది ప్రధానంగా గాలితోనే, ఆ గాలికి అడ్డం పడేదాంట్లో పెద్ద భాగం మీ ఒళ్లే, బండి కాదు. పైగా రెండు 750 మిల్లీలీటర్ల బాటిళ్లు నింపి పెట్టుకుంటే ఒకటిన్నర కిలో నీళ్లే. ఆ నీళ్లు తగ్గించమని మాత్రం ఎవరూ అడగరు, అడిగినా నేను ఒప్పుకోను, గోవాలో ఆ ఉక్కపోతకి 90 కిలోమీటర్లు తొక్కి తర్వాత 21 కిలోమీటర్లు పరుగెత్తాలి.

అందుకే డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో నా అభిప్రాయం ఇది, ఇప్పుడు స్టాండు మీద ఉన్న ఒక బండితోనే చెప్తాను. వైజాగ్ కస్టమర్, మనిషి 70 కిలోల లోపే, ఇదివరకు రోడ్ బైక్‌కి క్లిప్-ఆన్ బార్లు (మోచేతులు ఆనించే తగిలింపు కడ్డీలు) పెట్టుకుని తొక్కేవారు. ఆయన పంపిన లిస్టులో మొదటి వస్తువు డ్యూరా-ఏస్ డీఐ2 (షిమానో కంపెనీ పై శ్రేణి ఎలక్ట్రానిక్ గేర్ల సెట్), రెండోది సిరామిక్ బేరింగులు. ఫిట్, అంటే ఒంటికి తగ్గట్టు బండిని సర్దడం, లిస్టులోనే లేదు.

ముందు ఫిట్ చేశాం. రోడ్ బైక్‌లో సీటు కోణం 73 డిగ్రీల అటూ ఇటూ ఉంటే ట్రైలో 76 నుంచి 80 దాకా వెళ్తుంది, మనిషి ముందుకు జరిగి మోచేతుల మీద వాలతాడు. అలా వాలినప్పుడు పెడల్ పైకి వచ్చేసరికి తొడ వచ్చి పొట్టకి నొక్కుకుంటుంటే ఎంత ఖరీదైన బండైనా అరగంటలో లేచి కూర్చుంటారు, లేచి కూర్చున్నారంటే ఏరో కోసం పెట్టిన డబ్బంతా గాలికి పోయినట్టే. ఈయనకి 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్ తగిలే కాడ) తీసి 165 పెట్టాం. షిమానోలోనే కింది శ్రేణి 105లో ఆ సైజు దొరుకుతుంది, రేటులో తేడా లేదు. సీటు కాస్త పైకి లేపాం, తుంటి దగ్గర చోటు వచ్చింది. ట్రైనర్ (బండిని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) మీద గంటసేపు కిందికి వాలే ఉండి, మధ్యలో ఫోన్ కూడా మాట్లాడారు (ఇంట్లోవాళ్లతో, కూరగాయల గురించి). నాకు కావాల్సిన సర్టిఫికెట్ అదే.

ఇక గ్రూప్‌సెట్, అంటే గేర్లు, బ్రేకుల సెట్. నేను వ్యాపారిని, డ్యూరా-ఏస్ అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ, ఆ మాట దాచడం ఎందుకు. కానీ 105 డీఐ2కీ దానికీ మొత్తం సెట్ మీద తేడా అర కిలో చుట్టుపక్కల, ధర మాత్రం రెట్టింపు దాటుతుంది. గేర్ మారే తీరులో ఇద్దరు మామూలు మనుషులు కళ్లు మూసుకుని తొక్కితే ఏది ఏదో చెప్పడం కష్టం (కళ్లు మూసుకుని తొక్కకండి). ఒక్క చిక్కు ఉంది, ఎక్స్‌టెన్షన్ చివర పెట్టే గేర్ బటన్లు, బేస్ బార్ బ్రేక్ లీవర్లు 105 శ్రేణిలో విడిగా రావు, పై శ్రేణివి తెప్పించాలి, వాటికి వైర్లు, జంక్షన్లు వేరే. కొందరి బిల్డులు ఆగింది ఫ్రేమ్ కోసం కాదు, ఆ లీవర్ల కోసమే. ముందు ఒకే చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) పెట్టేస్తే చైన్‌ని పక్కకి జరిపే డిరైలర్ బరువు కూడా పోతుందని ఈయన అడిగారు. రేసు ఒక్కటే అయితే సరేననేవాణ్ణి. కానీ ప్రాక్టీసుకి కైలాసగిరి, సింహాచలం ఘాట్ ఎక్కే మనిషికి ముందు 52-36 పళ్ల చక్రాలు, వెనక 11-34 ఉంటేనే మోకాళ్లు బతుకుతాయి. ఆ చిన్న గేర్లో 90 కేడెన్స్‌తో (నిమిషానికి పెడల్ తిప్పే చుట్లు) గంటకు పన్నెండు కిలోమీటర్లకి దిగినా హాయిగా తిప్పొచ్చు.

చక్రాల దగ్గర డబ్బు పెట్టమన్నాను. రిమ్ లోతు వెనక 60 మిల్లీమీటర్లు, ముందు 50. వెనక డిస్క్ (చువ్వలు లేకుండా పూర్తిగా మూసి ఉండే చక్రం) వేద్దామా అన్నారు. భీమిలి రోడ్డు మీద సముద్రం వైపు నుంచి గాలి అడ్డంగా కొట్టినప్పుడు ఎలా ఉంటుందో ఆయనకే నాకంటే బాగా తెలుసు. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీల్లో గాలి భయానికి డిస్క్ చక్రాలు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదని చెప్పాక ఆ మాట ఆగిపోయింది. సిరామిక్ బేరింగులు లిస్టులోంచి కొట్టేశాను. ఆ డబ్బులో కొంత పెడితే మంచి టైర్లు వస్తాయి. గరుకు రోడ్డు మీద సన్నగా, గట్టిగా గాలి కొట్టిన టైరు కంటే 28 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ వేగంగా పోతుంది, చేతులూ తిమ్మిరెక్కవు. సాడిల్ వెనక ఒక టీపీయూ ట్యూబ్ (పల్చటి ప్లాస్టిక్‌ది) ఉంచుకోండి, 40 గ్రాములు కూడా ఉండదు, మామూలు ట్యూబ్ అయితే వంద గ్రాములు.

గాలి గురించి ఒక హెచ్చరిక. కొత్త చక్రాల్లో చాలావాటికి రిమ్ అంచున కొక్కెం ఉండదు, హుక్‌లెస్ అంటారు. వాటికి గరిష్ఠం 5 బార్, అంటే 72 పీఎస్ఐ చిల్లర. పాత అలవాటు కొద్దీ 110 కొట్టేవాళ్లు ఉన్నారు. టైరు రిమ్ము మీంచి ఊడి వస్తుంది, దిగువకి దిగుతున్నప్పుడు ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రిమ్ మీద రాసి ఉన్న అంకె చదవండి, లేదా ఫొటో పంపండి.

బరువు తగ్గించనని నేను మొండికేసే చోట్లు కొన్ని ఉన్నాయి: స్టెమ్, ఎక్స్‌టెన్షన్ క్లాంపులు, సీట్‌పోస్ట్ బోల్టులు. టైటానియం బోల్టులు నెట్‌లో కొనుక్కుని తెచ్చి "ఇవి వేయండి" అంటే వేయను, దాని మీద వాదన వద్దు. కార్బన్ పేస్ట్ పూసి, టార్క్ రెంచ్‌తో కంపెనీ రాసినంతే బిగిస్తాను.

రేట్ల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లకి, వాటి పార్టులకి జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. "మరి మీ రేటు ఏడు శాతం ఎందుకు తగ్గలేదు" అని కొంచెం గట్టిగానే అడిగారు ఒకరు. దేశంలో తయారైన పార్టులకి తగ్గించాను, బిల్లు చూసుకోవచ్చు. బయటి నుంచి వచ్చేవాటికి కస్టమ్స్ సుంకం ఉంది, డాలరు ముందు రూపాయి పడిపోయింది, తగ్గిన పన్ను కొంత అక్కడే కరిగింది. ఇకపై కొటేషన్‌లో పార్టు ధర, పన్ను, నా కూలీ మూడూ విడివిడిగా ఇస్తాను. కూలీ ఈసారి పెంచాను. కేబుళ్లన్నీ హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల సెట్) లోపలి నుంచి పోయే ఫ్రేములకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒక్క బేరింగు మార్చాలన్నా కొన్నిట్లో బ్రేక్ హోసు కోసి మళ్లీ బ్లీడ్ చేయాల్సిందే (బ్రేక్ ఆయిల్లోంచి గాలి తీయడం), పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం దాకా అదే పని.

అడ్వాన్సు ఇచ్చి లీవర్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు కావాలంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, మొహమాటం వద్దు. రేసుకి ఆరు వారాల లోపు కొత్త బిల్డు ఇవ్వను, కొత్త పొజిషన్‌కి నడుము, మెడ అలవాటు పడాలి. ఆ లోపు వస్తే ఉన్న బండికే క్లిప్-ఆన్లు, టైర్లు, ఫిట్ చేసి పంపిస్తాను.

పాత కస్టమర్లకి: ట్రైనర్ మీద తొక్కేవాళ్లు ఎల్బో ప్యాడ్లు ఊడదీసి కింద బోల్టులు ఒకసారి చూసుకోండి. చెమట నేరుగా అక్కడికే కారుతుంది. మొన్న ఒక బండికి పైనుంచి అంతా తళతళలాడుతోంది, ప్యాడ్ ఎత్తితే బోల్టు తలకాయ చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని, అలెన్ కీ పట్టే గాడి తుప్పుకి గుండ్రంగా అయిపోయి ఉంది. డ్రిల్ పెట్టి తీయాల్సి వచ్చింది. పై హెడ్‌సెట్ బేరింగు పరిస్థితీ అదే, తిప్పితే కరకరమంది. బార్ మీద టవల్ వేసుకుని తొక్కండి, అయ్యాక తడిగుడ్డతో తుడవండి. తుప్పు కనిపిస్తే మీరు విప్పే ప్రయత్నం చేయకుండా షాపుకి తీసుకురండి, బోల్టు మార్పుకి మన దగ్గర బిల్డ్ చేసిన బండ్లకి కూలీ తీసుకోను. సోమవారం సెలవు.