పిల్లల విరేచనాలు – చిన్నపిల్లలున్న వాళ్లు తప్పక చదవండి

అందరికీ నమస్తే. ఈ వారం మన బ్లాకులో నలుగురు పిల్లలకు విరేచనాలు. మా బుజ్జిదానికి ఇప్పుడిప్పుడే తగ్గాయి. అందరూ ఆర్కే బీచ్ పానీపూరీని తిడుతున్నారు గానీ, మా పిల్ల నెల రోజులుగా బీచ్ ముఖమే చూడలేదు!

పరీక్షలో షిగెల్లా అని తేలింది. ఈ బ్యాక్టీరియా 10 నుంచి 100 దాకా నోట్లోకి వెళ్లినా జబ్బు చేస్తుంది. డైపర్ మార్చి, చేతులు నీళ్లతో అలా తడుపుకుని అన్నం కలిపితే చాలు, అంటుకుంటుంది. నిన్న కింద చూశాను: ఒకటే ప్లాస్టిక్ ఏనుగు, ముగ్గురు పిల్లలు. ఒకడు తొండం చప్పరించి ఇస్తే ఇంకొకడు నోట్లో పెట్టుకున్నాడు. ముద్దుగానే ఉంది, కానీ భయమేసింది.

విరేచనాలు ఆగాక కూడా ఒకటి రెండు వారాలు మలంలో క్రిములు పోతూనే ఉంటాయి. అందుకే టెర్రస్ మీద టబ్బులో నీళ్లాట కొన్నాళ్లు వద్దు. చేతులకు సబ్బు పెట్టి 20 సెకన్లు రుద్దండి, గోళ్ల సందులతో సహా. శానిటైజర్‌తో సరిపెట్టకండి.

పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపొద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయకండి. మలంలో రక్తం కనిపించినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్ల మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఆ ఏనుగు ఎవరిదో గానీ, సబ్బుతో కడిగి మా గుమ్మం దగ్గర పెట్టాను. తీసుకెళ్లండి.