మందు ముట్టకపోయినా లివర్‌కి ముప్పే

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న జన్మలో మందు ముట్టలేదు, సిగరెట్లు మాత్రం రోజుకో డబ్బా అవుతాయి. కిందటి నెల స్కానింగులో గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్, అంటే లివర్‌కి కొవ్వు పట్టిందని వచ్చేసరికి ఇంట్లో అందరం నోరెళ్లబెట్టాం, చుట్టాలైతే చాటుగా తాగుతున్నాడేమో అనేశారు, ఆ మాటకి అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. షుగరూ పొట్టా కారణమన్నారు డాక్టరుగారు. నిజమే. కానీ సిగరెట్ సంగతి ఆయన అడగలేదు, నేనే అడిగితే అదీ తోడైందన్నారు.

పీల్చిన పొగ ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోదండీ. అందులోని విషాలు రక్తంలో కలిసి లివర్‌కి చేరతాయి, ఒంట్లోకి వచ్చిన నికోటిన్‌ని అరగదీసే పని కూడా చాలావరకు లివర్‌దే. ముందే కొవ్వు పట్టిన లివర్‌కో, హెపటైటిస్ సి అనే వైరస్ సోకిన లివర్‌కో ఈ పొగ తోడైతే అది గట్టిపడటం ఇంకా త్వరగా జరుగుతుంది. పొగతాగడం వల్ల లివర్ క్యాన్సర్ వస్తుందని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద) నివేదిక 2014లోనే తేల్చి చెప్పింది.

నా టెన్షన్ అంతా అమ్మ గురించే. కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ వాళ్లు ఎలుకలని ఏడాదిపాటు పక్కవాళ్లు వదిలే పొగలాంటి దాంట్లో ఉంచితే వాటి లివర్‌లో కొవ్వు పేరుకుందని 2009లో బయటపెట్టారు. ఎలుకలు వేరు, మనుషులు వేరు, ఒప్పుకుంటాను, కానీ ముప్పై ఏళ్లుగా ఆ హాల్లోనే నాన్న పక్కన కూర్చుని టీవీ చూసిన మనిషిని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగే మామ్మలని చూస్తూ పెరిగాం, దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని చాలామందికి తెలుసు. లివర్ ఊసే ఎవరూ ఎత్తరు. బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 2008 నుంచి 200 రూపాయల దాకా జరిమానా ఉంది, ఇంట్లో తాగేవాళ్లని ఆపే చట్టమేదీ లేదు, ఆపాల్సింది ఇంట్లోవాళ్లే.

డాక్టర్లకి నా మనవి ఒక్కటే, ఫ్యాటీ లివర్ రిపోర్టు చేతిలోకి తీసుకున్నప్పుడు మందు గురించి అడిగినట్టే సిగరెట్ గురించీ, ఇంట్లో ఇంకెవరైనా పొగ తాగుతారా అనీ అడగండి. మీరు కూడా ఆరోగ్యం పేజీలో దీని గురించి రాసి, మానెయ్యాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అనే ఉచిత నంబరుని కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం