తోట సంగతి

చిత్తూరు,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

బంగారుపాళెం తోట అమ్మి అయినా చిన్నాన్న మెదడు క్యాన్సర్‌కు, ఒంట్లోని రోగనిరోధక శక్తినే దాని మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ చేయించాలని నిన్న ఫోనులో అన్నావు. డబ్బుకే వెనకాడుతున్నానా అనీ అడిగావు. అప్పుడు నోరు పెగల్లేదు.

తోట నెల కిందటే బేరానికి పెట్టాను. వద్దన్నది డాక్టరు. ఎందుకో కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. 30 ఏళ్ళు జంతుశాస్త్రం బోధించినవాణ్ణి, ఆ రోజు వెనక బెంచీ పిల్లవాడిలా కూర్చున్నాను.

చిన్నాన్నకు వచ్చిన ఈ గ్లయోబ్లాస్టోమా గడ్డంతా క్యాన్సర్ కణాలే కాదట. మూడో వంతు నుంచి సగం దాకా మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు, అంటే మన కాపలా కణాలే ఉండవచ్చు. గడ్డ వదిలే రసాయనాలకు లొంగి అవి దానికే ఊడిగం చేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదే. పోరాడవలసిన తెల్ల రక్తకణాలు, టీ కణాలేమో అక్కడికి చేరేవే తక్కువ, చేరినవీ నీరసించి ఉంటాయి. చాలావరకు ఎముక మజ్జలోనే చిక్కుకుపోతున్నాయని 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. పైగా మెదడు వాపుకు చిన్నాన్న వేసుకుంటున్న డెక్సామెథసోన్ కూడా వాటిని అణిచేదే. అది ఆపితే తలనొప్పికి తట్టుకోలేడు.

నువ్వు చెప్పిన ఇమ్యూనోథెరపీ మందు నివోలుమాబ్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఎందరినో నిలబెట్టిన మందే. టీ కణాల కళ్ళెం విప్పడం దాని పని. గుర్రమే రాకపోతే కళ్ళెం విప్పి ఏం లాభం? చిన్నాన్నలాగే జబ్బు తిరగబెట్టిన 369 మందిపై జరిగిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఈ మందు వాడినవాళ్ళకూ, గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగనివ్వని బెవాసిజుమాబ్ అనే మందు వాడినవాళ్ళకూ మధ్యస్థ ఆయుష్షు దాదాపు 10 నెలలే.

2024లో బోస్టన్ వైద్యులు కార్-టీ కణాలను, అంటే క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా జన్యువులు మార్చిన టీ కణాలను, నేరుగా మెదడు ద్రవంలోకి ఎక్కిస్తే ముగ్గురికీ కొద్ది రోజుల్లోనే గడ్డ కుంచించుకుపోయింది. ఇద్దరికి మళ్ళీ పెరిగింది. అది చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. అలాంటి పరీక్షలో చిన్నాన్నను చేర్చుకుంటారేమో కనుక్కోమని డాక్టరును అడిగి ఉంచాను.

మొన్న చిన్నాన్న తోటకు తీసుకెళ్ళమన్నాడు. తోతాపురి చెట్టుకు పట్టిన బదనిక చూసి, "కొమ్మతో సహా కొట్టించన్నా, వేరు మిగిలితే మళ్ళీ వస్తుంది" అన్నాడు. తర్వాత తన తల తడుముకుని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మాటలు తడుముకుంటున్నాడు కానీ, ఇంకా మాట్లాడుతున్నాడు. ఈ నెలలోనే సెలవు పెట్టుకుని రా. తిరుపతి దాకా రైల్లో వస్తే స్టేషనుకు నేను వస్తాను.

మీ నాన్న