నాన్న మెడ ఆపరేషన్ తర్వాత మాకు అండగా నిలిచినవారికి

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి కొట్లలో మా నాన్నను ఎరగనివారు తక్కువ. తల వంచి, గునపం మీద కాయలు ఒలుస్తూనే వయసంతా గడిపిన మనిషి. మెడలో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కడంతో కుడిచేతి పట్టు పోయింది. కాకినాడలో ఆపరేషన్ చేసి, ఆ డిస్కు తీసేసి, రెండు వెన్నుపూసలూ ఒకటిగా అతుక్కునేలా ప్లేటు, స్క్రూలు బిగించారు. చేతి తిమ్మిరి తగ్గింది. అడుగుతున్న అందరికీ ముందు ఈ కబురు.

ఈ ఆపరేషన్ గొంతు వైపు నుంచి చేస్తారు. వెన్నుపూసలను చేరడానికి అన్నవాహికను, శ్వాసనాళాన్ని పక్కకు లాగి పట్టుకోవాలి. దాంతో అక్కడంతా వాస్తుంది. నాన్నకు మంచినీళ్లు కూడా గుటక పడలేదు, గొంతు బొంగురుపోయింది. వాపు మరీ పెరిగితే ఊపిరికే ముప్పట. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టరుగారు అమ్మను, నన్ను కూర్చోబెట్టి ఓపికగా చెప్పిన తీరుకు చేతులెత్తి మొక్కాలి. ఈ మందు వాపును అణచివేస్తుంది, కానీ ఎముక అతకడానికి మొదట్లో కొంత వాపు అవసరమేనని, స్టెరాయిడ్ ఎక్కువ కాలం సాగితే ఎముక అతకడమూ గాయం మానడమూ మందగించవచ్చని, ఇన్ఫెక్షన్ భయమూ ఉంటుందని వివరించారు. అందుకే గొంతు తెరిపిన పడేవరకే, ఆపైన ఒక్క మోతాదు కూడా వద్దన్నారు. చదువు లేని అమ్మకు కూడా ఆ మాట పూర్తిగా అర్థమైంది.

రాత్రి డ్యూటీ నర్సమ్మా, మీ రుణం ఎలా తీర్చుకోను? మంచం తలవైపు ఎత్తి, చెంచాతో నీళ్లు పట్టి, దగ్గు వస్తుందా, మాట మారుతుందా అని గమనిస్తూ కూర్చున్నారు. నాన్నకు షుగర్ ఉంది. ఉదయం ఇచ్చిన స్టెరాయిడ్ వల్ల పరగడుపున చక్కెర మామూలుగానే కనిపించి, మధ్యాహ్నం నుంచి పెరగవచ్చని చెప్పి, సాయంత్రం తప్పకుండా చూడాలని మీరే నేర్పించారు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాటే మమ్మల్ని కాపాడింది.

ఇక మా ఊరి మందుల షాపు బాబాయి. రోజురోజుకూ తగ్గించాల్సిన స్టెరాయిడ్ బిళ్లలను విడివిడి కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ, "టిఫిన్ తిన్నాక" అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. ఇంట్లో ఉన్న పాత డైక్లోఫెనాక్ నొప్పి బిళ్లల అట్ట అడిగి తీసుకున్నారు. స్టెరాయిడ్‌తో కలిపి వాడితే కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చట. పొట్లాలు అయిపోయాక భుజాలు లాగుతున్నాయని నాన్న అంటే, "ఆ బిళ్లలే మళ్లీ ఇవ్వండి" అని బంధువులు వెళ్లి అడిగారు. బాబాయి ఇవ్వలేదు. అప్పటికప్పుడు డాక్టరుగారికి ఫోన్ కలిపి, నొప్పికి వేరే మందు రాయించారు. ఒళ్లునొప్పులంటే చాలు స్టెరాయిడ్ బిళ్ల మింగే అలవాటు మన దగ్గర ఉంది. నెలల తరబడి అలా వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి, అప్పుడు ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. అమ్ముడుపోయే సరుకును ప్రాణం గురించి ఆలోచించి వద్దన్న ఆ పెద్దమనసుకు మా ఇంటిల్లిపాదీ నమస్కరిస్తున్నాం.

ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చిన అత్తయ్య, నాన్న షుగర్ సంగతి వినగానే వాటిని లోపల పెట్టి, మెత్తగా ఉడికిన కూర చేసి పెట్టింది. పలచటి మజ్జిగన్నంతో నాన్న కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే.

ఎముక పూర్తిగా అతకడానికి నెలలు పడుతుంది, ఎక్స్‌రేలు ఇంకా ఉన్నాయి. అంతవరకు గునపం జోలికి వెళ్లకూడదు. అయినా ఒలుపు జట్టువారు వారం వారం తమ కూలీలోంచి నాన్న వాటా తీసి అమ్మ చేతిలో పెడుతున్నారు. అన్నలారా, మీకు శతకోటి దండాలు.