కాలువగట్టు కమిటీ: 2024–25 సంవత్సరపు జమా ఖర్చుల వివరణ

చందాదారులందరికీ నమస్కారం. విజయవాడలో మన వీధి వెనుక పారే కాలువ శుభ్రత కోసం 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వసూలైన సొమ్ము ఎంతో, అది ఎందుకు ఎలా ఖర్చయిందో ఈ పత్రంలో తెలియజేస్తున్నాం.

గత సంవత్సరపు నిల్వ రూ. 18,450 ఉంది. 142 ఇళ్ల నుంచి ఇంటికి రూ. 500 చొప్పున రూ. 71,000, దుకాణదారుల నుంచి రూ. 24,500, పేరు చెప్పవద్దని కోరిన ఒక దాత నుంచి రూ. 50,000 వచ్చాయి. కాలువలోంచి తీసిన ప్లాస్టిక్, ఇనుము అమ్మగా రూ. 3,260, బ్యాంకు వడ్డీగా రూ. 1,140 జమ అయ్యాయి. సెప్టెంబరు వరదల్లో సహాయానికని విడిగా ఇచ్చిన సొమ్ము రూ. 37,800. జమ వెరసి రూ. 2,06,150.

ఖర్చులో పెద్ద పద్దు పూడికతీతది. వేసవిలో కాలువకు నీరు కట్టేసిన రోజుల్లోనే ఈ పని చేయడానికి వీలుంటుంది కాబట్టి, అధికారుల అనుమతి తీసుకుని పొక్లెయిన్ 22 గంటలు నడిపించి, 31 ట్రాక్టర్ల మట్టి, గుర్రపుడెక్క తరలించాం. గంటకు రూ. 1,400, ట్రాక్టరుకు రూ. 500 లెక్కన రూ. 46,300 అయింది. కూలీలకు, వారి చేతి తొడుగులకు, బూట్లకు రూ. 34,440 చెల్లించాం. ఆ మురుగులో వట్టి చేతులతో ఎవరినీ దించకూడదని మొదటి సమావేశంలోనే నిర్ణయించినందున ఈ పద్దును తగ్గించలేదు.

నీటి పరీక్షలకు వెచ్చించిన రూ. 21,600 గురించి ఎక్కువ మంది అడిగారు. ఆ సొమ్ముతో గట్టు మీద బల్లలు, పూలమొక్కలు వచ్చేవి కదా అన్నారు. ఇంకొందరు, మురికి పైనుంచి వస్తున్నప్పుడు మన దగ్గర పరీక్షించి లాభమేమిటన్నారు. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి మన కాలువకు నీరిచ్చే కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేలోగా సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారిలో భీమ, తుంగభద్ర వంటి ఉపనదులను కలుపుకొని, హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీని వాడపల్లి దగ్గర తనలో చేర్చుకుంటుంది. అయినా మన కాలువలో కనిపించే మురికి అంతా అక్కడిదేనా అన్నది తేలాలంటే ఒకే రోజున మూడు చోట్ల నీరు పట్టాలి: ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువ మొదట్లో ఒకటి, మన వీధి మురుగుకాలవలు కలిసేచోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి. జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి, మొత్తం ఆరు నమూనాలు ఒక్కొక్కటి రూ. 3,600 చొప్పున పరీక్ష చేయించాం. స్నానానికి తగిన నీటిలో బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్; ఇది పెరిగితే మురికి ఎక్కువని అర్థం) లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండుసార్లూ మన వీధి దిగువ నమూనా ఆ హద్దు దాటింది, బ్యారేజీ దగ్గరి నమూనా దాటలేదు. రెండు రోజుల నీటితో నది మొత్తం మీద తీర్పు చెప్పలేం గాని, మన మురుగు మనదేనని ఒప్పుకోవడానికి ఇది చాలు.

అందుకే రెండు మురుగుకాలవలు కాలువలో కలిసే చోట ఇనుప జాలీలు బిగించడానికి రూ. 28,900 ఖర్చు చేశాం. వాటిలో ఒకటి సెప్టెంబరు వానలకు ఊడి కొట్టుకుపోయింది. బిగింపు నాసిరకంగా ఉన్నా పని పూర్తికాకముందే మొత్తం డబ్బు చెల్లించడం కమిటీ పొరపాటు. ఇకపై మూడో వంతు సొమ్ము ఒక వానాకాలం గడిచాకే చెల్లిస్తాం.

రూ. 9,200తో 2,000 కరపత్రాలు అచ్చువేయించి ఇంటింటికీ పంచాం. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట వల్లే ఈ కాలువలు డెల్టాకు నీరిచ్చాయని, అది 1952లో తెగాక దాని స్థానంలో 1957 నాటికి నేటి బ్యారేజీ వచ్చిందని, ఒకప్పుడు ఈ నీటి మీద ధాన్యం పడవలు నడిచేవని అందులో రాశాం. దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువల నీటితోనే అన్న ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో వేయించాం. మనం గట్టు మీంచి విసిరే సంచీ వాళ్ల బిందె దాకా వెళుతుంది. బల్లల కంటే పరీక్షలకూ జాలీలకూ ముందు డబ్బు కేటాయించడానికి కారణం ఇదే.

వరద పద్దు విషయంలో సంజాయిషీ ఇవ్వవలసి ఉంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగిన రోజుల్లో, బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోతున్నప్పుడు, పాలు, మంచినీళ్లు, అన్నం పొట్లాలు, కొవ్వొత్తులు పంపాం. అందుకు రూ. 44,200 అయింది. అంటే విడిగా వచ్చిన సొమ్ము కంటే రూ. 6,400 ఎక్కువ, అది కాలువ నిధిలోంచి, ముందస్తు తీర్మానం లేకుండా, ఆ రాత్రికి ఆ రాత్రి తీసి ఖర్చుపెట్టాం. ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పగా, అక్టోబరు సర్వసభ్య సమావేశం తరువాత ఆమోదించింది. ఇందులో రూ. 2,350 విలువైన పాల పొట్లాలకు రసీదులు లేవు. వాటికి రాసిన మూడు వోచర్ల మీద పంచిన వారి సంతకాలు మాత్రమే ఉన్నాయి.

టీలు, జిరాక్సులు, బ్యాంకు రుసుములు కలిపి రూ. 1,915. ఖర్చు వెరసి రూ. 1,86,555. నిల్వ రూ. 19,595, ఇందులో బ్యాంకులో రూ. 19,000, కోశాధికారి చేతిలో రూ. 595 ఉన్నాయి. ఈ నిల్వను ఊడిపోయిన జాలీని తిరిగి బిగించడానికి ముందుగా వాడాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. పద్దుల పుస్తకం, వోచర్లు, పరీక్షల నివేదికలు ప్రతి ఆదివారం ఉదయం కోశాధికారి ఇంటి దగ్గర చందాదారులు ఎవరైనా చూడవచ్చు.